నెట్ రావట్లేదా? ముందు పక్క తోటలో కరెంటుందేమో చూడండి

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మొదలైన గోల ఇది. ఊరంటే సదుం. బెంగుళూరులో మా ఆఫీసులో మదనపల్లె అంటే "ఓ.. టమేటాలు" అంటారు, పుంగనూరంటే "ఓ.. పొట్టి ఆవులు" అంటారు, సదుం అంటే మాత్రం "ఎక్కడ?" అంటారు. ఆ సదుమే :)

మా చిన్నాయన కొడుకు బీటెక్ పూర్తి చేసి ఇంట్లో కూర్చుని లైనక్స్ అడ్మినిస్ట్రేషన్ నేర్చుకుంటున్నాడు. అది వచ్చాక క్లౌడ్, ఆ తర్వాత ఉద్యోగం, ఇదీ ప్లాను. నేను వాడి పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి వాడికిచ్చా, 8 జీబీ ర్యాము. దాంట్లో విండోస్, దాని మీద వర్చువల్‌బాక్స్, అందులో లైనక్స్. నెట్ అంటే ఫోన్ హాట్‌స్పాట్. రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు.

భోగి రోజు రాత్రి అన్నాల దగ్గర మామూలుగా అడిగా, "ఏరా, లైనక్స్ ఎంతవరకు వచ్చింది?" అని.

"ఇడిసిపెట్టేసినా న్నా. నాకు రాదులే అది."

"ఏమైంది?"

"వీఎంలో నెట్టే రాలా. రెండు నెల్లు చూసినా. నెట్ పెట్టుకోవడమే చేతకానోడు ఇంక సర్వర్లు ఏం చూస్తాడు?"

నాకు ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆ నెట్ ఎలా పెట్టుకోవాలో ఫోన్లో చెప్పిన మహానుభావుడిని నేనే.

అసలేం జరిగిందంటే, దసరా దాటాక ఒకరోజు నేను రెండు మీటింగుల మధ్యలో ఉండగా వీడు ఫోన్ చేశాడు. "అన్నా, యమ్ పనిచేయడంలా. కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్ అంటా ఉంది" అన్నాడు. నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. గుక్క తిప్పుకోకుండా మందులు రాసిచ్చేశా. నాట్ తీసేసి బ్రిడ్జ్‌డ్ పెట్టు. రాకపోతే ఫైర్‌వాల్ ఆపెయ్. ఎస్‌ఈలైనక్స్ డిజేబుల్ చేసి రీబూట్ కొట్టు. ఇంకా రాకపోతే రిజాల్వ్ కాన్ఫ్ ఫైల్లో 8.8.8.8 వెయ్. అయిపోయింది, ఫోన్ పెట్టేశా. మీలో చాలామంది ఇదే ప్రిస్క్రిప్షన్ ఎవరికో ఒకరికి ఇచ్చే ఉంటారు. అబద్ధాలెందుకు, చెయ్యెత్తండి.

మర్నాడు పొద్దున్నే ఆ లాప్‌టాప్ ముందేసుకుని ఇద్దరం కూర్చున్నాం. పండక్కి అమ్మావాళ్ళు అరిసెలు వత్తుకుంటుంటే మేము వీఎంలు వత్తుకున్నాం అన్నమాట. వాడు ఏమేం చేశాడో ఒక నోటుబుక్కులో తారీఖులతో సహా రాసుకున్నాడు. ఆ పుస్తకం చూశాక నాకు నిజంగా సిగ్గేసింది. ఇదీ వరస:

మొదటిది. ఎప్పటిదో ఒక వీడియో చూసి సెంటాస్ 7 మినిమల్ ఎక్కించాడు. దాని ఇన్‌స్టాలేషన్‌లో నెట్‌వర్క్ స్విచ్ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనం ఆన్ చేస్తేనే బూట్ అయ్యాక కార్డు లేస్తుంది. వీడు చెయ్యలేదు. యమ్ కొడితే 'కుడ్ నాట్ రిజాల్వ్ హోస్ట్' అని వచ్చింది.

రెండోది. వాడే వెతుక్కుని ఇంటర్‌ఫేస్ ఫైల్లో ఆన్‌బూట్ అన్నదాన్ని 'యెస్' చేశాడు. రీబూట్ చేస్తే 10.0.2.15 అని అడ్రసు వచ్చింది. బ్రహ్మాండం. కానీ యమ్ కొడితే మళ్ళీ అదే ఎర్రర్, అక్షరం తేడా లేకుండా. అప్పుడు నాకు ఫోన్ చేశాడు.

మూడోది. నా మందులు. బ్రిడ్జ్‌డ్ పెట్టగానే ఉన్న అడ్రసు కూడా పోయింది.

నాలుగోది. అడ్రసు పోయిందని ఎక్కడో చూసి స్టాటిక్‌గా 192.168.1.50, గేట్‌వే 192.168.1.1 వేశాడు. వాడి ఫోన్ ఇచ్చే నెట్‌వర్క్ అది కానే కాదు. అంటే లేని వీధిలో లేని ఇంటికి డోర్ నంబర్ వేసుకున్నాడన్నమాట.

ఐదోది. ఐఎస్ఓ చెడిపోయిందేమోనని మళ్ళీ దించాడు. ఆ మినిమల్ ఐఎస్ఓ దాదాపు ఒక జీబీ. రోజుకి ఒకటిన్నర జీబీ ఉన్నవాడికి అదంటే ఆ రోజు ఇంకేం లేనట్టే. అలా రెండుసార్లు.

ఆరోది. పుస్తకంలో ఏమీ రాయలేదు. మానేశాడు.

నేను ఏం చేశానంటే, పెట్టినవన్నీ పీకేశాను. నెట్‌వర్క్ మళ్ళీ నాట్‌కి మార్చా. స్టాటిక్ అడ్రసు తీసేసి డీహెచ్‌సీపీ పెట్టా. రీబూట్. 10.0.2.15 వచ్చేసింది. కర్ల్‌తో వేరే ఏదో సైటు అడిగితే పేజీ గడగడా వచ్చిపడింది. నెట్ ఉంది! యమ్ కొడితే మాత్రం మళ్ళీ అదే పాట. సరేనని ఎర్రర్‌లో ఏ హోస్ట్ పేరు ఉందో మొదటిసారి పూర్తిగా చదివా. మిర్రర్‌లిస్ట్ డాట్ సెంటాస్ డాట్ ఆర్గ్. అదే పేరు ఇటు విండోస్ బ్రౌజర్‌లో కొట్టా. అక్కడా రాలేదు.

అప్పుడు వెలిగింది. సెంటాస్ 7 వచ్చింది 2014లో. దాని ఆయుష్షు 2024 జూన్ 30తో తీరిపోయింది. ఆ తర్వాత జులైలో ఆ మిర్రర్‌లిస్ట్ పేరునే తీసేశారు. పాత ప్యాకేజీలన్నీ వాల్ట్ డాట్ సెంటాస్ డాట్ ఆర్గ్‌లో దాచిపెట్టారు గానీ, పాత ఐఎస్ఓలో ఉన్న యమ్‌కి ఆ సంగతి తెలీదు. అది ఇప్పటికీ పాత పేరునే పట్టుకుని వెతుకుతుంది. ఇప్పుడు మీరు కొత్తగా సెంటాస్ 7 ఎక్కించినా మీకూ ఇదే ఎర్రర్ వస్తుంది. మీ నెట్ నిక్షేపంగా ఉన్నా సరే.

అంటే రెండు వేరే వేరే జబ్బులు, ఒకటే దగ్గు. మొదటిసారి వచ్చిన ఎర్రర్‌కి కారణం నెట్‌వర్క్ కార్డు లేవకపోవడం. దాన్ని వాడు తనంతట తాను బాగుచేసుకున్నాడు. రెండోసారి వచ్చినదానికి కారణం అవతల ఆ పేరే లేకపోవడం. మెసేజ్ మారలేదు కాబట్టి తను చేసిన రిపేరు పనిచేయలేదని అనుకున్నాడు. పుంగనూరు బస్సు కోసం స్టాపులో నిలబడ్డాం, రోడ్డు బాగుంది, స్టాపూ అదే, కానీ ఆ సర్వీసే రద్దయిపోయింది. ఇది తెలియక మనం రోడ్డుకి మట్టి పోస్తూ కూర్చుంటే బస్సొస్తుందా?

ఈ మొత్తం కథలో వాడి వీఎంకి నిజంగా నెట్ ఉన్న ఘడియ ఒకటుంది, రెండో మెట్టు దగ్గర. సరిగ్గా ఆ ఘడియలోనే నేను వేలు పెట్టి చెడగొట్టాను. ఆ తర్వాత వాడు పడ్డ పాట్లన్నీ నా రిపేర్లకి రిపేర్లు.

ఇప్పుడు మా చిన్నాయన సంగతి చెప్పాలి. ఆయన పదో తరగతి కూడా దాటలేదు. మా టమేటా తోటలో బోరు ఉంది. మోటారు నీళ్ళు పొయ్యకపోతే ఆయన "బోరు ఎండిపాయ" అని నెత్తిన చేతులు పెట్టుకోడు. ముందు పక్క తోటాయన్ని కేకేస్తాడు, "మీకు కరెంటుందా?" అని. అక్కడ లేకపోతే ఇంక తన మోటారు జోలికి పోడు. ఉంటే మూడు ఫేజులూ వస్తున్నాయా చూస్తాడు. తర్వాత ఫ్యూజులు. తర్వాత స్టార్టరు. తర్వాత మోటారు తిరుగుతున్న చప్పుడు వింటాడు. మోటారు తిరుగుతూ నీళ్ళు రాకపోతే అప్పుడు పైపు, ఆ తర్వాతే బోరు. ఎందుకంటే మోటారు పైకి లాగాలంటే మనుషులు కావాలి, డబ్బులు కావాలి, ఒక రోజు పోతుంది. ఖర్చు లేని పరీక్ష ముందు, ఖర్చున్నది చివర. ఆయనకి ఇది ఎవరూ ట్రబుల్‌షూటింగ్ కోర్సులో చెప్పలేదు.

నేను నెట్‌వర్కింగ్ పేపరు ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఓఎస్ఐ ఏడు లేయర్లు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ ఆ రోజు ఫోన్లో నేను చేసింది, పక్క తోటలో కరెంటుందో లేదో కనుక్కోకుండా మోటారు పైకి లాగించడం.

నా అభిప్రాయం ఇదీ: కొత్తగా నేర్చుకునేవాడు "నెట్ రావట్లేదు" అన్నప్పుడు కమాండ్ ఇవ్వడం సాయం కాదు. ఎక్కడ ఆగిపోయిందో వాడి చేతే కనుక్కునేలా చెయ్యడమే సాయం. మొదటిదానికి ముప్పై సెకన్లు, రెండోదానికి పది నిమిషాలు పడుతుంది. ఆ తొమ్మిదిన్నర నిమిషాల పిసినారితనం వల్ల ఒక కుర్రాడు "నాకు రాదు" అనే నిర్ణయానికి వచ్చేశాడు.

వీఎం నెట్ విషయంలో ఆ పది నిమిషాలు ఇలా ఖర్చుపెట్టొచ్చు:

1. అడ్రసు ఉందా? 'ఐపీ అడ్ర్' కొట్టి చూడాలి. వర్చువల్‌బాక్స్ మామూలు నాట్‌లో అయితే 10.0.2.15 లాంటిది కనపడాలి. కేవీఎం డిఫాల్ట్ నెట్‌వర్క్ అయితే 192.168.122తో మొదలవుతుంది. ఏమీ లేకపోతే కార్డు లేవలేదు, లేదా డీహెచ్‌సీపీ అందలేదు. మిగతావేవీ ముట్టుకోవద్దు.

2. దారి ఉందా? 'ఐపీ రూట్'లో డిఫాల్ట్ అనే లైను ఉండాలి. వర్చువల్‌బాక్స్ నాట్‌లో అది 10.0.2.2 వైపు చూపిస్తుంది.

3. పేరు దొరుకుతోందా? 'గెట్ఎంట్ హోస్ట్స్' అని ఏదైనా బాగా తెలిసిన సైటు పేరు ఇచ్చి చూడాలి. అడ్రసు, దారి ఉండి పేరు మాత్రమే దొరక్కపోతే అప్పుడు డీఎన్‌ఎస్ సంగతి ఆలోచించాలి. రిజాల్వ్ కాన్ఫ్‌ని చేత్తో దిద్దితే నెట్‌వర్క్ మేనేజర్ దాన్ని మళ్ళీ తిరగరాసేయగలదు కాబట్టి మార్పు ఏదో అక్కడే చేసుకోవాలి.

4. అందరికీ రావట్లేదా, ఈ ఒక్కదానికేనా? వేరే సైటుకి కర్ల్ కొట్టాలి. అదే సైటుని బయట విండోస్‌లోంచి కొట్టాలి. ఇదే పక్క తోట పరీక్ష. నిజానికి దీన్నే మొదట పెట్టాలి. మా వాడి రెండు నెలలు ఈ ఒక్క ప్రశ్నలో ఉన్నాయి.

5. ఇవన్నీ అయ్యాకే ఫైర్‌వాల్, ఎస్‌ఈలైనక్స్ వగైరా. మామూలు వీఎంలో బయటికి పోయే ట్రాఫిక్‌ని ఇవి ఆపడం చాలా అరుదు. అయినా మొదటి దెబ్బ ఎప్పుడూ వీటికే, పాపం.

నాట్, బ్రిడ్జ్‌డ్ గురించి కూడా రెండు ముక్కలు. నాట్ అంటే హాస్టల్లో ఉండటం. మీ ఉత్తరాలన్నీ హాస్టల్ అడ్రసు మీద పోతాయి, జవాబు వస్తే ఎవరిదో గుర్తుపెట్టుకుని వార్డెన్ మీకిస్తాడు. బయటివాడెవడూ నేరుగా మీ గది తలుపు కొట్టలేడు. బ్రిడ్జ్‌డ్ అంటే అదే వీధిలో మీకంటూ వేరే ఇల్లు, వేరే డోర్ నంబరు. ఆఫీసులో వైరు లాన్ మీద అది హాయిగా పనిచేస్తుంది. నాకు పనిచేసింది కాబట్టే వాడికి చెప్పా. కానీ వైఫైలో యాక్సెస్ పాయింటు తనతో జత కలిసిన మ్యాక్ అడ్రసునే గుర్తిస్తుంది. వీఎం తన సొంత మ్యాక్‌తో మాట్లాడబోతే "నువ్వెవడు?" అంటుంది. దీనికోసం వర్చువల్‌బాక్స్ మ్యాక్ మార్చి నెట్టుకొస్తుంది గానీ, అది అన్నిచోట్లా కుదురుతుందని నమ్మకం లేదు. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాడికి నాట్ ఉత్తమం. బయటికి పోవడానికి అది చాలు. విండోస్‌లోంచి వీఎంకి ఎస్ఎస్‌హెచ్ చెయ్యాలంటే ఒక పోర్ట్ ఫార్వర్డింగ్ రూల్ పెట్టుకుంటే సరి.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. బ్రిడ్జ్‌డ్ పెట్టి, ఫైర్‌వాల్ ఆపి, ఎస్‌ఈలైనక్స్ తీసేసి, రూట్ పాస్‌వర్డ్ 'రెడ్‌హ్యాట్' అని పెట్టుకున్న వీఎంని పీజీ హాస్టల్ వైఫైలో ఆన్ చేస్తే, ఆ వైఫైలో ఉన్న ప్రతివాడికీ అది తెరిచిన తలుపే. నేర్చుకునే వీఎంయే కదా అంటారా? అలవాటు అక్కడితో ఆగదండీ. నేను పనిచేసిన ఒకచోట ప్రొడక్షన్ సర్వర్ల మీద ఎస్‌ఈలైనక్స్ డిజేబుల్ అయి ఉండేది. ఎందుకని అడిగితే ఎవరికీ తెలీదు. ఎప్పుడో ఎవరికో ఏదో పనిచేయకపోతే ఎవరో ఫోన్లో చెప్పుంటారు. నాలాంటివాడే అయ్యుంటాడు!

"మాకంత తీరిక ఎక్కడిది? పని అయిపోతే చాలు కదా" అని మీరు అనొచ్చు. నిజమే, ప్రొడక్షన్ పడిపోయినప్పుడు పాఠాలు చెప్పమని నేనూ అనను. కానీ నేర్చుకునేవాడి వీఎం ప్రొడక్షన్ కాదు. అక్కడ నెట్ తెప్పించడం పని కాదు, నెట్ ఎలా వస్తుందో తెలుసుకోవడమే పని. ఇప్పుడు చాట్‌బాట్‌లు వచ్చాయిగా అని కూడా అంటారు. మా వాడూ అడిగాడట. సగం ఎర్రర్ అతికించి అడిగితే డీఎన్‌ఎస్ మార్చమని మొదలుపెట్టి పది మందులు చెప్పిందట. దాన్ననడానికేం లేదు. ఎర్రర్‌లో ఉన్న హోస్ట్ పేరుని మనం కూడా చదవలేదు కదా.

మా వైపు నెట్ రావడం అనేది ఎప్పుడూ పెద్ద సంబరమే. 2002లో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని మూడేళ్ళ ప్రాజెక్టు పెట్టి పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచాయి. 2016లో జియో వచ్చాక డేటా చవకై ఊరూరా చేతుల్లోకి వచ్చేసింది. 2017లో కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్‌నెట్ అన్నారు. అంటే తీగ వచ్చింది, సిగ్నల్ వచ్చింది, డేటా వచ్చింది. రానిదల్లా ఆ నెట్ ఎక్కడ ఆగిందో పక్కన కూర్చుని చూపించే మనిషి. ఆ మనుషులం మనమే. మనమేమో బెంగుళూరులోనో హైదరాబాదులోనో డల్లాస్‌లోనో కూర్చుని, రెండు మీటింగుల మధ్య ఫోనెత్తి బ్రిడ్జ్‌డ్ పెట్టు అని చెప్పి పెట్టేస్తున్నాం. మనకి ఎవరో ఒక సీనియర్ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పబట్టే కదా వచ్చింది? సదుంలో ఉన్నవాడికి ఆ కుర్చీ లేదు.

కనుమ రోజు నా ఫోన్ డేటాతో ఆల్మాలైనక్స్ ఐఎస్ఓ దించాం. సెంటాస్ దారి మూసుకుపోతోందని తెలిశాక 2021లో వచ్చిన డిస్ట్రోల్లో అదొకటి, రాకీ ఇంకొకటి. ఇన్‌స్టాల్ వాడే చేశాడు. నేను కీబోర్డు ముట్టుకోలేదు, నోరు కూడా కట్టేసుకున్నా (చాలా కష్టం సుమండీ). ప్యాకేజీలు అప్‌డేట్ పెట్టాడు, సగంలో వాడి ఆ రోజు డేటా అయిపోయింది. "రేపు చేస్తాలే న్నా" అన్నాడు. ఆ 'రేపు' అన్నమాట విని ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

మొన్న మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి ఇలా అన్నాడు: "అన్నా, అడ్రసు వచ్చింది, రూటు ఉంది, విండోస్‌లో అన్నీ వస్తా ఉండాయి, వీఎంలో పేర్లు మాత్రం రిజాల్వ్ కావడంలా." నేను "ఇంకేం, నీకు తెలిసిపోయింది కదరా" అన్నా. ఒక నిమిషం ఆగి "అవును న్నా, నేనే చూసుకుంటాలే" అని పెట్టేశాడు.

మీకూ ఊళ్ళో ఇలా ఫోన్ చేసే తమ్ముడో చెల్లెలో ఉండే ఉంటారు. ఈసారి చేసినప్పుడు మందు రాసిచ్చే ముందు ఒక్క ప్రశ్న అడిగి చూడండి. పక్క తోటలో కరెంటుందా అని.